తడిపూత

రాయి మీద నూనెబొట్టు పెట్టి నా ముందుంచండి, యంత్రం అక్కర్లేకుండా ఆ బొట్టు అంచు రాతితో ఎన్ని డిగ్రీల కోణం చేస్తోందో చెప్పేస్తాను. బొట్టు చదునుగా పరుచుకుందా, ఆ రాయి నూనె మరిగిందన్నమాట. గోళీకాయలా లేచి కూర్చుందా, దానికి నూనె గిట్టదు, నీళ్లంటేనే ప్రాణం. ఇరవయ్యారేళ్లు ఇదే నా ఉద్యోగం. పేరు కడలి భాస్కరం. మా తూర్పులంకకి బస్సులో గంట దూరంలో ఒక చమురు కంపెనీ పరిశోధనశాల ఉండేది, అందులో టెక్నీషియన్ని. బావుల్లోంచి పైకి తీసిన రాళ్లని బిళ్లలుగా కోసి, కడిగి, ఆరబెట్టి, బొట్టు పెట్టి చూసేవాణ్ణి. "మా ఆయన రాళ్లకి బొట్లు పెట్టి జీతం తెస్తారు" అని మా ఆవిడ తాయారు ఊరంతా చెప్పి నవ్వేది. నాకు ఒళ్లు మండేది. కోపం నాకు కాస్త ఎక్కువే, ముందే చెప్పేస్తున్నాను.

తాయారు పని వేరు. పురిటి బిడ్డలకి నీళ్లు పోస్తుంది. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, వేణ్ణీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి తల్లి పక్కలో పడుకోబెట్టిందంటే ఆ బిడ్డ మళ్లీ మధ్యాహ్నం దాకా లేవదు. హస్తవాసి మంచిదని పేరు. మా ఊళ్లో ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లలో సగం మంది ఆవిడ కాళ్ల మీద ఏడ్చినవాళ్లే. పెళ్లిపీటల మీద ఉన్న పెళ్లికొడుకుని చూసి కూడా "వీడు రోజూ నా చీర తడిపేవాడు" అని పదిమందిలో అనేస్తుంది. నన్నెవరైనా గుర్తుపట్టాలంటే తాయారు మొగుడు అనాల్సిందే.

తడిపూత కనిపెట్టింది మా డాక్టర్ నీరజాక్షి గారు. ఆ సోమవారం పొద్దున్న నాకింకా గుర్తే. బస్సు దిగి ల్యాబులో అడుగు పెట్టానో లేదో, అరచేయంత రాతిబిళ్ల ఒకటి నా ముందు పెట్టారు.

"భాస్కరం గారూ, చూసి చెప్పండి."

ఆ బిళ్లని నలభై రోజులు వెచ్చటి ముడిచమురులో ఊరబెట్టింది నేనే. మా ల్యాబులో ఆ పనికి ఆవకాయ పెట్టడం అని పేరు. భూమి అడుగున కోట్ల ఏళ్లు చమురుతో కాపరం చేసిన రాయి ఎలా ఉంటుందో, అలా తయారు చేస్తామన్నమాట. ఆ రాయి నూనెని పట్టుకుంటే వదలదు. పైనించి ఎన్ని నీళ్లు తోసినా సగానికి సగం చమురు రాయిలోనే ఉండిపోతుంది. ఆ పట్టు విడిపించాలని ఆవిడ తొమ్మిదేళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నారు.

బొట్టు పెట్టాను. గోళీలా లేచింది.

"నూట యాభై," అన్నాను.

"ఇంకో మూల?"

"ఇక్కడా అంతేనండి."

నాలుగు మూలలా పెట్టాను, మధ్యలో పెట్టాను. ఎక్కడ పెట్టినా బొట్టు దొర్లి కింద పడింది.

"నేను పూసింది ఒక్క మూలేనండీ. అదీ శనివారం సాయంత్రం," అన్నారావిడ.

అదీ సంగతి. ఆ పూత గింజ దుమ్ము కంటే వెయ్యి రెట్లు సన్నం. రాతికి అంటుకుని, చుట్టూ ఉన్న ఉప్పునీళ్లలోంచి తనకి కావలసింది తీసుకుని, పక్కన ఇంకో గింజని కూర్చుకుంటుంది. అది ఇంకో దాన్ని. గుప్పెడు వేస్తే చాలు, బావి చుట్టూ ఉన్న రాయంతా నీటి పొర కప్పుకుని నూనెని వదిలేస్తుంది.

"మరి ఆగేదెక్కడ మేడం?" అని అడిగాను.

"ఉప్పు ఉన్నంత వరకే. మంచినీళ్లు తగిలితే నిద్రపోతుంది. పైకొచ్చినా భయం లేదు."

ఆ రోజు ల్యాబంతా పూతరేకులు తిన్నాం. నేను నాలుగు తిన్నాను.

ఇక నేను చేసిన ఘనకార్యం వినండి. మా ల్యాబులో రసాయనం అయిపోయిన నీలం డబ్బాని పారేసిన పాపాన ఎవడూ పోలేదు. కన్నాలు పెట్టి నలిపెయ్యాలని రూల్సు పుస్తకంలో ఉంది. పుస్తకం బీరువాలో ఉండేది, డబ్బాలు మా అందరి ఇళ్లలో ఉండేవి. ఒకరు బియ్యం పోసుకునేవారు, ఒకరు నీళ్లు పట్టుకునేవారు, ఒకరు గేదెలకి తవుడు కలిపేవారు. సున్నిపిండి చెమ్మగిల్లిపోతోందని తాయారు గోల పెడుతోంది కదా అని, బిరడా గట్టిగా పట్టే ఇరవై లీటర్ల డబ్బా ఒకటి, తడిపూత కలిపి ఖాళీ చేసింది, నేనూ తెచ్చాను. సబ్బు వేసి మూడుసార్లు కడిగాను. రెండు రోజులు ఎండలో పెట్టాను. లోపల తల దూర్చి మరీ చూశాను, మచ్చ లేదు. కంటికి కనపడితే అది ఆ పూతెందుకవుతుంది? ఇరవయ్యారేళ్ల అనుభవం ఉన్న మనిషికి ఆపాటి బుద్ధి లేకపోయింది.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున్న పక్క వీధిలోంచి తాయారు కబురు పెట్టింది. దొమ్మేటి సూరమ్మ గారి మనవరాలికి నీళ్లు పోయడానికి వెళ్లింది. పంతొమ్మిది రోజుల పిల్ల. మగవాణ్ణి, అక్కడ నాకేం పనని విసుక్కుంటూనే వెళ్లాను.

"ఏవండీ, ఓసారి ఇలా చూడండి. నూనె పట్టట్లేదు."

తాయారు కాళ్ల మీద పిల్ల బోర్లా పడుకుని ఉంది. చిట్టి తొడ మీద కొబ్బరినూనె బొట్టు. గుండ్రంగా, నిక్కబొడుచుకుని. తాయారు వేలితో తాకగానే దొర్లి పీట మీద పడింది.

నూట యాభై. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"నూనె సంగతి సరే," అంది సూరమ్మ గారు. "తుడిస్తే తడి ఆరదేంటి బాబూ? నాలుగు రోజుల్నించి ఇదే వరస. పొడిగుడ్డలో చుడితే గుడ్డ తడుస్తోంది, పిల్ల మాత్రం చల్లగానే ఉంటోంది."

ముట్టుకుని చూశాను. ఒంటి మీద నీటి పొర తళతళలాడుతోంది. గాలిలో ఉన్న తేమనంతా లాగేసుకుంటోంది ఆ చర్మం. పెదవులు కాస్త నీలం తిరిగాయి.

"నూనె కల్తీదేమో, మార్చి చూడండి," అనేసి ఇంటికొచ్చేశాను.

అంత మాట ఎలా అన్నానా అని ఇవాళ్టికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అప్పుడు మాత్రం నా లెక్క నాకుంది. పన్నెండు రోజుల్లో నిజం బావిలో పరీక్ష. ఈలోగా డబ్బా ఒకటి బయటికి పోయిందని తెలిస్తే అంతా ఆగిపోతుంది. మేడం తొమ్మిదేళ్ల కష్టం గంగపాలు, నా ఉద్యోగం గోవిందా. పరీక్ష కానిచ్చి తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఇంటికి వెళ్లగానే పిండికి పురుగు పట్టిందని తాయారుకి అబద్ధం చెప్పి, డబ్బా తీసుకెళ్లి ల్యాబు కొలిమిలో పడేశాను. డబ్బా పోయింది, పూత పోలేదు. అది అప్పటికే పసివాళ్ల ఒంటి మీద ఉంది.

ఆ వారంలోనే ఇంకో ఇద్దరు పిల్లలకి అలాగే అయింది. మూడిళ్లలోనూ నీళ్లు పోసింది ఒక్క మనిషే. ఊరు ఊరుకుంటుందా? "తాయారు చెయ్యి చెడిందట" అన్నారు. నెలలు నిండిన కోడలు ఉన్నవాళ్లు పక్కూరి మనిషికి చెప్పుకున్నారు. ఎదురుపడితే పలకరించేవాళ్లు కూడా కొంగు సర్దుకుంటూ వెళ్లిపోయారు. తాయారు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఎందుకంటే ఆవిడ కూడా అదే అనుకుంటోంది.

పదకొండో రోజు సూరమ్మ గారి మనవరాల్ని ఆస్పత్రిలో చేర్చారు. ఒళ్లు చల్లబడిపోయిందట, పాలు తాగట్లేదట.

ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి తాయారు బోరు దగ్గర కూర్చుని ఇటికముక్కతో అరచేతులు తోముకుంటోంది. రక్తం కారుతోంది.

"ఏంటే ఆ పని? పిచ్చి పట్టిందా?" అని అరిచాను. నాకు భయం వేస్తే కోపమే వస్తుంది.

"ఈ చేతులకేదో వచ్చిందండీ," అంది తలెత్తకుండా. "ఎంత తోమినా పోవట్లేదు. ఇంక జన్మలో పసిబిడ్డని ముట్టుకోను."

ఇంక నావల్ల కాలేదు. ఆ తడి నేల మీదే కూర్చుని మొత్తం చెప్పేశాను. డబ్బా, పూత, పురుగు పట్టిందన్న అబద్ధం, అన్నీ.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

"ఆ రోజంటే?"

"సూరమ్మ గారింటికి నన్ను పిలిచావే. ఆదివారం."

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"పదకొండు రోజులు," అంది. "నా చెయ్యి పడిపోయినా బాగుండునని పదకొండు రోజులూ మొక్కుకున్నానండీ నేను. పక్కనే కూర్చుని అన్నం తిన్నారు మీరు."

ఆవిడ చేతిలోంచి ఇటికముక్క లాగి అవతల పారేశాను.

"ముందు ఆ మేడం దగ్గరికి పొండి. పిల్లకి ఏం చెయ్యాలో కనుక్కుని రండి. నా సంగతి తర్వాత చూద్దాం."

మర్నాడు తెల్లవారగానే నీరజాక్షి గారి బల్ల ముందు నిలబడ్డాను. ఆవిడ మొదట నమ్మలేదు. "ఉప్పు లేందే అది పెరగదు భాస్కరం గారూ. స్నానాల నీళ్లలో ఎలా పెరుగుతుంది?" అన్నారు.

"మేడం, మీరనుకునే మంచినీళ్లు మా ఊళ్లో ఎక్కడున్నాయండీ? రొయ్యల చెరువులొచ్చాక బోర్లన్నీ ఉప్పు తేలాయి. తాగడానికి డబ్బా నీళ్లు కొనుక్కుంటాం, ఒళ్లు కడుక్కోవడానికి ఆ ఉప్పునీళ్లే. పైగా చెమట ఉప్పు కాదా అండీ?"

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు.

"మా ఇంట్లో కూడా ఒక నీలం డబ్బా ఉంది," అన్నారు. "కరివేపాకు మొక్క పెట్టాను."

నన్ను తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. ఫోనెత్తి బావి పరీక్ష ఆపేయమన్నారు. అవతల పెద్దాయన ఏదో గట్టిగా అంటున్నాడు. "కారణం నేనే రాసి పంపుతాను. సంతకం కూడా నాదే," అని పెట్టేశారు. ఆ వెంటనే ఆస్పత్రి డాక్టరుకి ఫోన్ చేసి ఏం జరిగిందో దాచకుండా చెప్పారు. ఆవిడ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు బిళ్లలు సర్దుకున్నాను.

పూత వెయ్యడం మాకు తెలుసు. తియ్యడం ఎలా? అప్పుడు నాకు నా ఆవకాయే గుర్తొచ్చింది. ఎలాంటి రాయినైనా వెచ్చటి నూనెలో ఓపిగ్గా ఊరబెడితే మళ్లీ నూనె మరుగుతుంది. కానీ ఏ నూనె? పసిపిల్లకి ముడిచమురు రాస్తామా? రెండు రోజులు ల్యాబులోంచి కదల్లేదు మేమిద్దరం. కొబ్బరినూనె, నువ్వులనూనె, నెయ్యి, అన్నీ జారిపోయాయి. జిగురున్న నూనె కావాలి. నా ముంజేతికి తడిపూత రాసుకుని, దాని మీద వంటాముదం వెచ్చచేసి, అరచేత్తో అదిమిపట్టి కూర్చున్నాను. గంటకి బొట్టు నూట ముప్ఫై. నాలుగు గంటలకి తొంభై. మర్నాటికి చదునుగా పరుచుకుంది.

"రాయడం కాదు, పట్టి ఉంచాలి," అన్నారు మేడం. "ఒంటి వేడి తగులుతూ ఉండాలి. పసివాళ్ల చర్మం లేత కాబట్టి తొందరగా లొంగుతుంది. ఎవరు చేస్తారండీ అంతసేపు?"

ఎవరు చేస్తారో నాకు తెలుసు.

పిల్లని ఇంటికి పంపారు, డాక్టరు రోజూ వచ్చి చూసేలా ఒప్పుకున్నాడు. తాయారుని వెంటబెట్టుకుని సూరమ్మ గారి గుమ్మం దగ్గరికి వెళ్లాను. ఆవిడ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఆ మనిషి నా గడప తొక్కడానికి వీల్లేదు."

"తప్పు తాయారుది కాదండీ. నాది," అని మొదలుపెట్టాను. వీధిలో జనం పోగయ్యారు. అందరూ వినేలాగే చెప్పాను. తెలిసి పదకొండు రోజులు నోరు మూసుకున్నానని కూడా చెప్పాను. అది చెప్పడమే కష్టమైంది. చెప్పడం అయ్యీ అవగానే సూరమ్మ గారు నా చెంప ఛెళ్లుమనిపించింది. తిన్నాను.

తర్వాత తాయారు చెయ్యి పట్టుకుంది. "లోపలికి రావే. ముసలిదాన్ని, నోటికొచ్చిందల్లా అనేశాను."

పీట వేశారు. తాయారు కూర్చుని కాళ్లు చాపింది. పిల్లని తీసుకోబోతూ ముందు అరచేతిలో ఆముదం పోసుకుంది. ఆ ఆముదం అరచేతిలో నిలవలేదు. వేళ్ల సందుల్లోంచి గోళీల్లా దొర్లి నేల మీద పడింది. ఇంకోసారి పోసుకుంది, అదే వరస.

మాకెవరికీ తట్టలేదండీ. పిల్లలకి రోజుకి ఒక్కసారి తగిలింది ఆ పిండి. మూడిళ్లకీ దాన్ని కలిపి, పిసికి, నలిచినవి ఆ చేతులే.

తాయారు కాసేపు తన చేతుల్ని అలా చూసుకుంది. తర్వాత కాళ్లు ముడుచుకుని లేచింది.

"మీరు కూర్చోండి," అంది నాతో.

"నేనా? నాకేం వచ్చు?"

"నేను చెబుతాను. కూర్చోండి."

యాభై ఆరేళ్ల మగాణ్ణి, పంచె ఎగ్గట్టి పురిటి పీట మీద కూర్చున్నాను. సూరమ్మ గారి కోడలు పిల్లని తెచ్చి నా కాళ్ల మీద పెట్టింది. చేప కంటే చల్లగా ఉంది. "రాతిబిళ్లని పట్టుకున్నట్టు పట్టుకోకండి. మెడ కింద చెయ్యి. అలా కాదు, వేళ్లు విప్పండి. ఇప్పుడు వీపంతా అరచేత్తో కప్పి ఊరుకోండి. కదపకండి." తాయారు ఒక్కో మాటా చెబుతూ పోయింది. గంట కూర్చున్నాను. నడుం విరిగింది. రెండు గంటలు కూర్చున్నాను. పిల్ల నా పంచె తడిపింది. వాకిట్లో ఎవరో నవ్వారు. తాయారు నవ్వలేదు.

ముగ్గురు పిల్లలు, మూడిళ్లు, పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం. అయిదో రోజుకి సూరమ్మ గారి మనవరాలి వీపు మీద ఆముదం పరుచుకుంది. తొమ్మిదో రోజుకి ఒళ్లు పొడిగా, వెచ్చగా, నా కాళ్ల మీదే గుర్రుపెట్టి నిద్రపోయింది. మిగతా ఇద్దరూ ఇంకో వారంలో తేరుకున్నారు. సూరమ్మ గారు నాకు కాఫీ ఇచ్చింది, కొట్టిన చెంప వైపు చూడకుండా.

ఉద్యోగం పోయింది, పోవలసిందే. నీరజాక్షి గారు వ్యాను వేసుకుని ఇంటింటికీ తిరిగి నీలం డబ్బాలన్నీ ఏరించారు. తన కరివేపాకు మొక్కని కూడా పీకేశారు. తడిపూత కాగితాలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశారని విన్నాను. ఆవిడ ఇప్పుడు ఎక్కడో పిల్లలకి పాఠాలు చెబుతున్నారు.

తాయారు చేతులు మాత్రం లొంగలేదు. ముప్ఫై ఏళ్ల వేణ్ణీళ్లకి కాయలు కాసిన చేతులవి. ఇటికముక్కతో గీరుకున్న గీతల్లోకి కూడా దిగిపోయింది పూత. రోజూ సాయంత్రం గిన్నెలో ఆముదం వెచ్చచేసి ఆ చేతులు పట్టుకుని కూర్చుంటాను. ఆముదంలో ఊరిన నా చేతులకి ఆ పూత అంటదు. ఎనిమిది నెలలైంది. ఒక్కో రోజు ఎనభై, ఒక్కో రోజు మళ్లీ నూట నలభై. ఆ చేత్తో పసిబిడ్డని ముడితే బిడ్డకి అంటుకుంటుందన్న భయం. అందుకని ఏ బిడ్డనీ ముట్టదు.

పోయిన వారం మా వీధి చివరి వాళ్లింట్లో ఆడపిల్ల పుట్టింది. బారసాల కాకముందే వాళ్ల అమ్మమ్మ మా గుమ్మంలోకి వచ్చి తాయారుతో అంది, "మీ ఆయన్ని పంపమ్మా. నీళ్లు పోయించుకోవాలి."

నేను వెళ్లనన్నాను. నువ్వు వస్తేనే వస్తానన్నాను. తాయారు చెప్పులు వేసుకుంది. అక్కడ గోడ వారన చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది. నేను నూనె రాశాను, నలిచాను, నీళ్లు పోశాను. పిల్ల హాయిగా నిద్రపోయింది. ఆ అమ్మమ్మ మురిసిపోయి, "భాస్కరం గారి హస్తవాసే హస్తవాసి" అంది.

తిరిగి వస్తుంటే కాలవ గట్టు దాకా తాయారు నా ముందే నడిచింది. అక్కడ ఆగింది.

"ఆ మాట నాకు గుచ్చుకుందండీ. అబద్ధం ఎందుకు చెప్పాలి? ముప్ఫై ఏళ్లు నడుం వంచి తెచ్చుకున్న పేరు. ఇప్పుడది మీ పాలైంది."

"తాయారూ..."

"మీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు నాకు." కొంగుతో కళ్లొత్తుకుంది. రెండడుగులు ముందుకు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "రేపు ఆ పిల్లకి మెడ మడతల్లో నూనె సరిగా పట్టించండి. ఇవాళ వదిలేశారు. ఒరుసుకుపోయి ఏడుస్తుంది పాపం."